కొలబద్ద

లాకు దగ్గర ముప్ఫై ఒక్కేళ్లు చేశాను.
తలుపు నా చేతి కింద లేచేది,
నీళ్లు మాత్రం నావి కావు.
గోడ మీది తెల్ల అంకెల్లో
ఏ అంకె దాకా తడవాలో
ధవళేశ్వరం నుంచి కబురొచ్చేది.
చేలు నెర్రెలిచ్చాయని
రైతులు చొక్కా పట్టుకున్న రోజు కూడా
అంగుళం ఎక్కువ తిప్పలేదు.
ఒక్కసారి తిప్పాను,
ఆ సంగతి నూకరత్నానికే తెలుసు.

అమలాపురం ఆసుపత్రిలో
ఆవిడ కాగితాల మీద నా పేరుంది.
"ఏమవుతారు?" అన్న గడిలో
తనే రాసిందట: లాకు లస్కరు.
గుమస్తా నవ్వాడు.
పీచు మిల్లులో తాళ్లు పేనిన చేతులవి,
ముడి ఎక్కడెయ్యాలో వాటికి తెలుసు.

రక్తం ఎక్కించడానికి సంతకం పెట్టాను.
తల స్కానుకి పెట్టాను.
గొంతులో గొట్టానికి, అటు తిరిగి, పెట్టాను.
పదకొండో రోజు ఆ గొట్టమే తీసేయమందామని
నోరు కూడగట్టుకుంటే
డాక్టరమ్మ అంది: దీనికి మీరొక్కరు చాలరు.
ఒక బోర్డు చూడాలి, ఆపైన ఇంకో బోర్డు.
ఆవిడ ముందే ఏమన్నా రాసిపెట్టిందా?

రాయలేదు.
వంతెన మీద బజ్జీలు తింటూ అందొకసారి,
"మిషనుకి కట్టేస్తే ఊరుకోకు" అని.
నూనె కాగితానికి వేళ్లు తుడుచుకుంటూ అన్న మాట
ఏ బోర్డు ముందు నిలబడుతుంది?

కోపమొచ్చింది.
వరండాలో కూర్చున్నాక,
చెప్పుకోడానికి సిగ్గేస్తోంది,
కాస్త హాయిగా కూడా అనిపించింది.
మళ్లీ ఎవరో పైనుంచి అంకె చెబుతారు.

సాయంత్రం వాళ్ల మేనల్లుడు దిగాడు,
స్టాంపు కాగితం, సిరా పెట్టె తెచ్చుకుని.
ముప్పావెకరం కొబ్బరితోట.
"మీ సంతకం చెల్లుతుందిగా బాబాయ్."
ఒంటికిరా చెల్లేది, గట్టుకి కాదు!
అంత గట్టిగా అరవగలనని నాకే తెలీదు.
నర్సొచ్చి ఇద్దర్నీ బయటికి పొమ్మంది.

మర్నాడు లోపలికెళితే
నూకరత్నం తల నున్నగా ఉంది.
తీగలు అంటుకోవాలని తీసేశారట.
అరవై రెండేళ్లకీ నడుం దాటే జడ.
ఆ కాగితం రాసిన రోజు నాతో అన్నది ఒకటే:
నా జుట్టు మీద చెయ్యెయ్యనివ్వకు.

"నన్నడగలేదేం?" అన్నాను.
"దానికి సంతకం అక్కర్లేదండి."

రబ్బరు బ్యాండు చుట్టి, కవర్లో పెట్టి
జడ నా చేతికిచ్చారు.
అందుకున్నట్టు
రిజిస్టర్లో సంతకం పెట్టమన్నారు.