ఙ తో మొదలయ్యే మాట

పలక మీద ఙ దిద్దించి
మద్దిలేటి అయ్యవారు చెప్పినాడు:
దీంతో మొదలయ్యే మాట లేదు,
రాయడం నేర్చుకోండి, అంతే.

ఉందని నాకు తెలుసు.
మా జేజి రోజూ అంటుంది.

చెనిక్కాయలు ఒలిచేటప్పుడు
శేరు నింపి గోతాంలో పోసినప్పుడల్లా
పెదాల కిందే లెక్క:
తిత్, న్హిత్, తోన్, లే, ఙా.
ఐదు కాగానే ఒక కాయ పక్కన పెట్టి
మళ్లీ మొదటికి.
తెలుగులోనే తిట్టేది, తెలుగులోనే బేరమాడేది,
లెక్క మాత్రం ఆ భాషలో.
లెక్క తప్పితే కూలి తప్పుతుంది గదా, అనేది.

ఊరంతా ఆమెను రంగూనమ్మ అనేది.
రంగూన్ ఆమె చూసింది
ఓడెక్కిన రోజు ఒక్క పూట.
ఓడ కాడ కమ్మలు విప్పించుకున్నారంట.
ఆ బెజ్జాల్లో చీపురుపుల్లలు పెట్టుకునే
తాడిమర్రిలో బస్సు దిగింది.
అసలు పేరు టిన్ ఏ.
ఏ అంటే వాళ్ల మాటలో చల్లన.
రేషన్ కార్డు రాసేటాయన
'ఏ టిన్?' అని రెండుసార్లు అడిగి
తిన్నమ్మ అని రాసుకున్నాడు.
పొయ్యి రాజని రాత్రుల్లో తాత
ఆ కార్డు తీసి చదివి అందర్నీ నవ్వించేవాడు.

తాత ఓబులేసు
అక్కడి నూనె బావుల్లో పనికి పోయి
పదహారేళ్లకు తిరిగొచ్చినాడు:
ఒక ట్రంకు పెట్టె, ఒక పెండ్లాం,
ఆమె కడుపులో మా నాయన.

పచ్చని దేశం విడిచి
ఈ కరువులో ఎట్లుంటావే తల్లీ అని
చెలమ కాడ ఆడోళ్లు జాలిపడితే
జేజికి నవ్వొచ్చేది.
మా ఊరూ ఇంతే.
ఇదే దుమ్ము, ఇవే చెనిక్కాయలు, ఇవే నువ్వులు,
ఆ తాటిచెట్లు గూడా ఇట్లనే.
ఏరు ఒక్కటే తేడా.
అక్కడ ఐరావతి, ఇక్కడ చిత్రావతి.
అది పారుతుంది,
దీన్ని తవ్వుకోవాల.

వాన పడితే ఊళ్లో అందరూ మిద్దెలెక్కి
గవాచికి బండ మూసేవాళ్లు.
జేజి మూయనిచ్చేది కాదు.
కింద చెంబు పెట్టి
పక్కనే కూర్చునేది.

పొద్దున్నే వెలగ బెరడు సానరాయి మీద అరగదీసి
రెండు చెంపలకూ పూసుకుని కలుపుకు పోయేది.
మొదటేడు పిల్లలు జడుసుకున్నారంట.
మూడో ఏటి ఎండాకాలానికి
సుంకులమ్మ, కుళ్లాయమ్మ
గిన్నెలు పట్టుకుని మా అరుగు కాడికొచ్చినారు.

చింతచిగురు ఉప్పేసి పిసికి
మూడు రోజులు కుండలో ఊరబెట్టి,
వేయించిన చెనిక్కాయ పప్పు, నువ్వులు,
నూనెలో ఎర్రగా కాగిన తెల్లగడ్డ కలిపి
సంగటి పక్కన పెట్టేది.
అక్కడ టీ ఆకుతో చేస్తారంట.
మేం దాన్ని జేజి ఊరిబిండి అనేవాళ్లం.
ఒక ముద్ద నోట్లో పెట్టుకుని
కళ్లు మూసుకుని
'కాదు' అనేది.
ప్రతిసారీ కాదు.
పై వారం మళ్లీ చేసేది.

ఐదు కాడ ఎందుకు ఆగుతావ్ జేజీ
అని అడిగితే ఒకసారి చెప్పింది:
ఙా అంటే ఐదు.
ఙా అంటే చేప గూడా.

నాకు ఊహ తెలిసి చిత్రావతిలో చేపల్లేవు.
సంతలో ఎండువి దొరికేవి,
ముత్తవ్వకు ఆ వాసన పడదు.
వెనక దొడ్లో నిప్పుల మీద కాల్చుకుని తిని
వాసన పోయేదాకా
జేజి అక్కడే ఉండేది, చీకట్లో.

చివరి నెలలో ముందు తెలుగు పోయింది.
సంగటి పోయింది, నీళ్లు పోయింది,
మా పేర్లు పోయినాయి.
మా నాయనకు గూడా ఆ భాష రాదు.
ఊళ్లో నవ్వుతారని నేర్పలేదంట.
ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకుని
చానాసేపు ఏందో చెప్పింది.
చివర్లో గొంతు పైకి లేచింది,
అడుగుతాంది.
నా దగ్గర ఐదే మాటలు.
అవే చెప్పినా.
తిత్, న్హిత్, తోన్, లే.

ఆఖరిది తనే అనింది.

ఐదో, చేపో.
చిన్నాయన సైకిలేసుకుని
బత్తలపల్లి సంతకు పోయినాడు.
ఆ రోజు సంత లేదు.