రెండో గేరు

పత్తి ఏరడం అయిపోయాక, అక్టోబరు చివర్లో,
మైదానం మనుషులు కొండల్ని చూడ్డానికొస్తారు.
చేతులు చూస్తే నాకు తెలిసిపోతుంది.
గోళ్ళ పక్కన కాయలు గీరిన సన్నని మచ్చలు.

ఆయన పేరు స్టెర్యోస్. లారిసా దగ్గర ఏదో ఊరు.
రెండడుగులు వెనక ఆవిడ, వాసో.
చేతిలో ప్లాస్టిక్ సంచి,
అందులో లైసెన్సు, డబ్బు, వాంతి మాత్రలు.

యానినాలో, సరస్సు వైపు దిగే వీధిలో
నాకున్నవి తొమ్మిది కార్లు.
రెండు బయటికెళ్ళాయి, ఒకటి మెకానిక్ దగ్గర మూలుగుతోంది.
మిగిలిన ఆరిట్లో ఐదింటిని ఒక్క చూపుతో దాటేసి
నల్ల జీపు దగ్గర ఆగాడు.
అందరూ అక్కడే ఆగుతారు.
"కొండకి ఇదే కదా" అంటూ బూటుతో టైరు తన్నాడు,
సంతలో కంచరగాడిద పళ్ళు చూసేవాడిలా.

నేను అడగాల్సింది ఎన్ని రోజులని.
అడిగేది మాత్రం ఏ ఊరని.
"కాటో వ్రిసి."

ఆ ఊరి దారులు కార్ల కంటే ముందు పుట్టాయి.
రెండు రాతిగోడల మధ్య ఒక కంచరగాడిద,
దానికి అటో మూట, ఇటో మూట.
అదే కొలత.
కట్టినవాళ్ళు అంతకు మించి
ఒక్క రాయి కూడా పక్కకి జరపలేదు.

చెబితే నవ్వాడు.
"నలభై ఏళ్ళు ట్రాక్టరు తోలానయ్యా."
నిజమే.
కానీ ఆ నలభై ఏళ్ళూ దారి ఆయన ముందు
చాప పరిచినట్టు పడి ఉంది.
ఎదురొచ్చేవాడు అంత దూరాన ఉండగానే
ఎవరి తమ్ముడో చెప్పేయొచ్చు.

ఇంకో మాట కూడా నోటిదాకా వచ్చింది.
ఎక్కడం ఇంజను పని, దిగడం మనిషి పని.
బ్రేకు మీద కాలేసి దిగేవాడికి
సగం కొండలోనే మాడు వాసన.
రెండో గేరులో దిగేవాడు ఊరు చేరతాడు.
చెప్పలేదు.
జీపు రోజుకి డెబ్బై యూరోలు.
షెడ్డు కరెంటు బిల్లు రెండు నెలలుగా సొరుగులోనే ఉంది.

ఈలోగా వాసో
ఒక్కో కారు ముందూ నిలబడి చేతులు చాచి కొలుస్తోంది,
గుడ్డ మూరలు వేసినట్టు.
బూడిదరంగుది. ఎర్రది.
జీపుకి చేతులు చాల్లేదు.
అప్పుడు నా వైపు తిరిగి,
వచ్చాక మొదటిసారి నోరు విప్పింది.
"ఆదివారం మీ ఆవిణ్ణి ఎక్కించుకుని కొండకెళ్తే
మీరేది తీస్తారు?"

అది షెడ్డు వెనక ఉంది. పట్టీలో లేదు.
ఆకుపచ్చ పాండా, పంతొమ్మిదేళ్ళది.
రెండు అద్దాలూ గీసుకుపోయాయి.
రేడియోలో ఒకటే స్టేషను, అదీ వాన పడితే రాదు.
ఏటవాలు చూస్తే సణుగుతుంది గానీ ఆగదు.
అద్దెకిద్దామని ఎన్నడూ అనుకోలేదు.

స్టెర్యోస్ మొహం ముడుచుకున్నాడు.
"దీంట్లోనా? మా బావమరిది ఫోటో పంపమంటాడు."
"పై పటారం చూసే కదా
ఆ రెండో పంపుసెట్టు కొన్నావు" అంది వాసో.
ఇంకేం మాట్లాడలేదు ఆయన.

కాగితం మీద కారు బొమ్మ ఉంటుంది, నాలుగు వైపులా.
పాత గీతలన్నీ ముందే గుర్తుపెట్టాలి.
పెడుతూ పోతే బొమ్మలో చోటు మిగల్లేదు.
"ఇంక మీరేం గీసినా నాకు కనబడదు" అన్నాను.
ఆ మాటకే కాబోలు, సంతకం పెట్టాడు.
తాళం చేతికిస్తూ, మింగిన మాట చెప్పేశాను.
విన్నాడో లేదో, సీటు వెనక్కి జరుపుకుంటున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం తిరిగొచ్చారు.
వెనక సీటు నిండా వాల్‌నట్ బస్తాలు.
"దిగేటప్పుడు రెండో గేరే" అన్నాడు దిగుతూనే,
తనే కనిపెట్టినట్టు.

వాసో కాగితం అడిగి తీసుకుంది.
బొమ్మ మీద వేలు నడిపి, నడిపి,
కుడి తలుపు దగ్గర గోరంత చోటు వెతికి
తనే ఒక గీత పెట్టింది.
"ఎక్కడ తగిలింది?"
"మీరు చెప్పిన గోడల మధ్యే" అంది.
"ఒక మూట ఎక్కువైంది."