సంబంధిత బాధ్యుడు

పైసందూ పురపాలక భవనం, నేలమాళిగ.
నెలీదా బల్ల మీద ఆరువందల పన్నెండు పేజీలు,
ఉరుగ్వే నది వరదల విధివిధానాల సంపుటి, మూడవ సవరణ.
ఇన్నేళ్లూ అది చేసిన ప్రజాసేవ ఒక్కటే:
తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పడుకుంది.

ఆమె పని దాన్ని ఒలవడం.
పీచు లాగాలి, పెంకు పగలాలి,
లోపలి నీళ్లు ఒలకకూడదు.
మొదటి వారమంతా "పైన పేర్కొనబడిన"లే
పప్పులో రాళ్లలా ఏరింది,
నూట నలభై దాకా లెక్కపెట్టి మానేసింది.
అక్షరం పెంచింది. అంచుల్లో జాగా వదిలింది,
చదివేవాడి బొటనవేలికి చోటుండాలి కదా.

చదివి చూడమని పంపుహౌస్ రాత్రి కాపలాదారుని పిలిచింది.
ఎవులోహియో. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు,
చేతిలో మాతే బుర్ర, మొలకి తాళాల గుత్తి.
పాత ప్రతి ముందు పెట్టుకుని
వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదివాడు.
రెండువందల పద్నాలుగో పేజీలో వేలు ఆగింది.

*నీటిమట్టము నిర్దేశిత స్థాయిని అధిగమించినచో
సంబంధిత బాధ్యునిచే తూము ద్వారము మూయబడవలెను.*

"ఈ బాధ్యుడు ఎవరమ్మా?"

ఆమె వెతికింది. నలభై పేజీల అవతల, అనుబంధంలో,
చీమ తలంత అక్షరాల్లో దొరికాడు:
రాత్రివేళ, కాపలాదారు.

మాతే చల్లారిపోయింది.
నది బేకరీ వీధిలోకి వచ్చిన రాత్రి
లాంతరు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడతను,
తెల్లవార్లూ, ఆ పెద్దమనిషి కోసం.
మొల మీద తాళంచెవి మోగుతూనే ఉంది.

ఆమె ఏమీ అనలేదు. స్టాప్‌వాచ్ ఆపింది.
ఆ సాయంత్రం రాసింది:
"నీళ్లు ఎర్రగీత తాకాయా? నువ్వే తూము మూసెయ్.
ఎవరినీ అడగొద్దు."

న్యాయశాఖ నుంచి పదకొండు అభ్యంతరాలొచ్చాయి.
పదింటి మీద పోట్లాడి గెలిచింది.
"నువ్వు" మాత్రం "మీరు" అయింది,
"మూసెయ్" కాస్తా "మూసేయండి" అయింది.

ఇప్పుడా ఒక్క పేజీ
పంపుహౌస్ గోడకి, ప్లాస్టిక్ తొడుగులో.
"మీరు" పైన, తొడుగు మీదే,
వంకర అక్షరాల్లో ఒక పేరు.
గ్రీజు పెన్సిల్‌తో రాశాడు.
వచ్చే మార్చిలో అతని ఉద్యోగ విరమణ,
తర్వాతివాడు తుడుచుకోవాలి కదా.