మిషను మీద మొక్క

వీధిలో నాటితే
మూడో రోజుకే ఆకు తెల్లబడింది.
చీమకుర్తిలో చెట్లన్నీ
పౌడరు రాసుకుని కూచున్నట్టే ఉంటాయి,
క్వారీ దుమ్ము.
తడిగుడ్డతో తుడిచాను, ఒక్కో ఆకూ
పసిబిడ్డ చెవులు తుడిచినట్టు.
సాయంత్రానికి మళ్లీ అంతే.

అందుకని లోపలికి తెచ్చాను.
డిస్టెంపర్ బకెట్టుకి కాల్చిన ఊచతో నాలుగు బొక్కలు,
రామతీర్థం కాలవగట్టు మట్టి రెండు గంపలు.
కిటికీకి పాత వాయిలు చీర
రెండు మడతలేసి బిగించాను జల్లెడలాగా.
వెలుగు రావాలి, దుమ్ము రాకూడదు.
ఉన్న ఒక్క కిటికీ కిందే నా కుట్టుమిషను,
దాని బల్ల మీదే చోటు.

"ఇంట్లో కాయదమ్మే టమాటా" అంది పేరమ్మ,
జాకెట్టు కొలతలిస్తా.
"ఈగా తుమ్మెదా వాలకుండా
పిందె యాణ్ణించి పడుద్ది?"

నేను దాన్ని టేపుతో కొలిచేదాన్ని.
దసరా దాటేసరికి పొట్టి చేతంత,
కార్తీకంలో మోచేతి దాకా,
ఆపైన లంగా పొడుగు.
ఒరిగినప్పుడల్లా వెదురుపుల్లకి ఒక పీలిక కట్టాను:
సుభాషిణి టీచరు వంగపండు రంగు లైనింగు,
ఎవరిదో పెళ్లి పట్టు, జరీ రవ్వంత,
మావాడి బడి చొక్కా నీలం.
రోజుకో పక్కకి తిప్పకపోతే
మెడ అటే సాచుద్ది, కిటికీ వైపు,
బస్సు కోసం చూసేవాళ్లలా.
ఒకసారి దాని పసరు తెల్ల జాకెట్టుకంటి
కూలి పోగా గుడ్డ ఖరీదు కూడా నా మీదే పడింది.

పూలొచ్చాయి, పసుపు.
తల వంచుకునే ఉండి
బాబిను డబ్బాలోకి రాలిపోయాయి.
రెండో గుత్తీ అంతే.
పేరమ్మ మాటే నిజమనుకున్నా.

మూడో గుత్తి విచ్చేసరికి మాఘం.
పెళ్లిళ్లు. పదిహేడు జాకెట్లు.
రాత్రి రెండింటిదాకా మిషను ఆగలేదు,
బల్ల దడదడ, మొక్క దడదడ,
చెంబులో నీళ్లు గుండ్రాలు గుండ్రాలుగా.
పగలు బ్లాస్టింగు మామూలే,
గోడ బీట ఇంకో వేలెడు సాగింది.

ఆయన డ్రిల్లింగు పనిలో పదకొండేళ్లు.
ఇంటికొచ్చినా ఆ చేతులు పని మానవు.
గ్లాసు పట్టుకుంటే టీ వేళ్ల మీదుగా కారుద్ది,
చొక్కా గుండీలు నేను పెట్టాల్సిందే.
మొక్క దగ్గరికి రావాలంటే
ముందు కుళాయి కింద తల పెట్టమనేదాన్ని.
వచ్చేవాడు, నీళ్లోడతా.
పూలగుత్తి కింద రెండు వేళ్లుంచి
ఊరికే నిలబడేవాడు.
"నేను కదిలించట్లేదే" అనేవాడు.
పూలు కదిలేవి.
ఆయన గోటి మీద సన్నటి పసుపు పొడి.
ఆ పొడి ఒక్కటీ
కడుక్కోమని నేననలేదు.

ఆదివారం పొద్దున చూస్తే
వాడిన పువ్వు నడుమ
ఆకుపచ్చ గుండుసూది తల.
ఒకటి కాదు, నాలుగు.
మిషను వల్లేనంటాను నేను.
బ్లాస్టింగంటాడు మావాడు, బడిలో ఏం చెప్పారో.
పేరమ్మ వచ్చి చూసి
చేతి పొడుగు సంగతే మర్చిపోయి
"దిష్టికి ఏదన్నా కట్టు" అని వెళ్లిపోయింది.
ఆయన ఏమీ అనడు.
చేతులు చంకల్లో పెట్టుకుని చూస్తాడు.

నా బట్ట కత్తెరతో
కాగితం కూడా కొయ్యనివ్వను ఇంట్లో ఎవ్వర్నీ.
ఎర్రబడ్డ మొదటికాయ తొడిమె
దాంతోనే కోశాను.
ఆయన అరచేతిలో పెట్టాను.
కాయ నిలవదు,
అటు దొర్లుద్ది, ఇటు దొర్లుద్ది.
రెండో చెయ్యి కింద పట్టాడు.
అదీ వణుకుతానే ఉంది.
కాయ మాత్రం కిందపడలేదు.

"ఒక్కదాంతో పప్పేం అవుద్దే" అన్నాడు.
"ఉప్పద్దుకుని తిను" అన్నాను.