మూడో నంబర్ మైదానం

ప్రతి నెలా ఇరవై ఐదో తారీఖున
ఈ క్లబ్బులో అందరి జీతాలూ నా వేళ్ళ మీదుగా పోతాయి.
గడ్డి కోసే క్లైవ్‌ది, గేటు దగ్గర టిక్కెట్లు చూసే కుర్రాళ్ళవి,
ఆఖరున యోరిస్ వాన్‌డెల్‌ది.
అతని వరసలో అంకెలు
తమ గడిలో ఇమడక పక్క గడిలోకి కాళ్ళు చాపుకుంటాయి.
వారానికి నలభై రెండు వేల పౌండ్లు.
ఇంకా పదిహేడు నెలలు.

అతన్ని కొన్న మేనేజర్ పోయాడు.
పోవడమంటే, టీవీలో కూర్చుని
ఇంకొకళ్ళ తప్పులు లెక్కపెడుతున్నాడు.
కొత్తాయనకి పరిగెత్తేవాళ్ళు కావాలి.
యోరిస్ నిలబడతాడు,
బంతే వెతుక్కుంటూ వస్తుందన్నట్టు.
ముప్పై ఒక్కేళ్ళు. ఎడమ మోకాలి మీద రెండు కుట్ల చారలు.

వేసవిలో మొదలుపెట్టారు.
ముందు గోడ మీది ఫోటో తీశారు,
మేకు అక్కడే ఉంది.
తర్వాత కారు పెట్టుకునే చోటు.
తర్వాత వీపు మీది తొమ్మిది:
అది ఇప్పుడు ఆల్ఫీ అనే పిల్లాడి భుజాల మీంచి జారుతోంది.
ఆపైన, అందరూ వెళ్ళాక సాయంత్రం నాలుగింటికి
ఒక్కడివే రమ్మన్నారు.
జనవరిలో, హల్‌లో, నాలుగంటే చీకటే.
ఒక్కడి కోసం లైట్లు వేయరు.
వచ్చేవాడు. ఒక్క నిమిషం ఆలస్యంగా కూడా కాదు.

పైఅంతస్తులో గారెత్ పింబ్లెట్
పొద్దుగూకిన సంతలో వాడిన తోటకూర ముందు కూర్చున్నవాడిలా
ఫోన్లో దేశదేశాలకీ కేకలు:
సగం జీతం మేమే ఇస్తాం,
పోనీ ముప్పావు,
ఊరికే పట్టుకుపోండి బాబూ!
టర్కీలో ఎవరో బేరానికి వచ్చారు.
మోకాలి స్కాన్ చూశాక ఫోన్ ఎత్తడం మానేశారు.
మింగలేరు, కక్కలేరు.

హెస్సల్ రోడ్డు మీద చిప్స్ కొట్టు క్యూలో
ఊరంతా ఒకటే మాట: జలగ.
ఒకసారి నేనూ అన్నాను,
వెనిగర్ చాలు అని చెబుతూ, మధ్యలో.

ఆ వారమే, పొదుపు పేరుతో, చాకిరేవు మూసేశారు.
డోరీన్‌ది పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం,
వారానికోసారి కొనసాగేది.
రెండు వాక్యాల ఈమెయిల్.
ఆమె చివరి జీతం నేనే కొట్టాను.
గడిలో ఇంకా చాలా చోటు మిగిలింది.

మర్నాడు నా కిటికీ దగ్గరికి యోరిస్ వచ్చాడు.
“బట్టలిప్పుడు ఎవరు ఉతుకుతున్నారు?”
బయటి కంపెనీ అన్నాను.
లిస్టులో అతని పేరు లేదని కూడా అన్నాను.
తలూపాడు.
అప్పట్నించీ సూపర్‌మార్కెట్ సంచీలో
మడతలు కుదరని నిక్కరు, ఇంటి సబ్బు వాసన.

ఉండబట్టలేక అడిగాను: “వెళ్ళిపోవచ్చుగా?”
చాలాసేపు నా బల్ల మీది పెన్నులవైపు చూశాడు.
“సంతకం రోజు పెన్నిచ్చింది మీరే.
అది రాయలేదు.
మీరంతా కంగారుపడి
పక్క గదిలోంచి ఇంకోటి పరిగెత్తి తెచ్చారు.”
అంతే అన్నాడు.
నిజమే. పరిగెత్తింది నేను.

గడువు ముగిసే రాత్రి పదకొండు దాకా
పైన లైటు వెలిగింది.
చల్లారిన పిజ్జా, మూడు ఫోన్లు.
పదకొండు దాటి ఒక నిమిషానికి
గారెత్ కోటు వేసుకుని మెట్లు దిగాడు,
నాకు గుడ్‌నైట్ చెప్పడం మరిచిపోయి.

మర్నాడు నాలుగింటికి
హంబర్ మీంచి మంచు లోపలిదాకా వచ్చేసింది.
మూడో నంబర్ మైదానంలో ఈ మధ్య సున్నం వేయడం లేదు,
పైవాళ్ళ మాట, క్లైవ్ తప్పు కాదు.
పాత గీతల్ని వాన తినేసింది.
కిటికీలోంచి చూస్తున్నాను:
ఒక్క మనిషి, ఒక్క బంతి.
గట్టిగా తన్నాడు.
అది దొర్లుతూ దొర్లుతూ మంచులోకి పోయింది.
బయటికి వెళ్ళిందో లోపలే ఉందో
చెప్పడానికి అక్కడ గీత లేదు.
తెచ్చుకోడానికి మెల్లగా నడిచాడు.