ఎనిమిదికి ఎనిమిది

ఐదున్నరకి మేడెక్కి
ఆకాశాన్ని ఎనిమిది వాటాలు వేస్తాను.
ఎనిమిదీ మబ్బే.
లైట్‌హౌస్ మెడ వరకే ఉంది,
తల తీసి నిలబెట్టిన కోనాం చేపలా.

చైత్రమంటే అందరికీ చిగురు.
నాకు ఒక నీలి రిజిస్టరు,
మూడో గడిలో పొరమేఘం, ఎత్తు మూడొందల మీటర్లు,
గాలి నైరుతి నుంచి, నెమ్మది.

కింద ఇసకలో సూరాడ దానమ్మ
తడి నెత్తళ్ల గంప దించి అరుస్తుంది:
"బాబూ, ఏటంతంది నీ మిసను?"

"పదికల్లా విడిపోతాది."
పదేళ్లుగా కళింగపట్నంలో ఉంటే
నా అంచనాకి కూడా యాస అంటుకుంది.

ఆమె కొంగుముడి విప్పి
ఉప్పుకల్లు ఒకటి వేళ్ల మధ్య నలిపింది.
"సెమ్మగిల్లిపోనాది. పదికి కాదు,
పొద్దు నడినెత్తికొచ్చినాక సూద్దుం."
వల పరిచింది గాని చేపలు పొయ్యలేదు.

ఎనిమిదిన్నరకి మళ్లీ ఎనిమిది.
పదికి ఏడు.
ఏడంటే వంశధార వైపు
చాప చిరిగినంత వెలుతురు.
అందులోంచి ఒక కాకి వెళ్లింది, అంతే.

పదకొండు దాటాక
నేను టీకి వెళ్లినప్పుడు విడిపోయింది మబ్బు.
తిరిగొచ్చేసరికి
ఇసకంతా నెత్తళ్ల వెండి.
గంప అడుగువి అప్పటికే మెత్తబడ్డాయి,
అవి కోళ్ల దాణాకి, సగం ధరకి.
నన్నేమీ అనలేదు దానమ్మ,
ఒక ఉప్పుకల్లు అరచేతిలో పెట్టింది.

సాయంత్రం విశాఖ నుంచి అంచనా వచ్చింది:
రేపు కూడా తీరం వెంబడి
ఉదయం పొరమేఘాలు, తర్వాత నిర్మలం.
తర్వాత అంటే ఎన్నింటికో రాయరు.

జేబులో చెయ్యి పెట్టి చూశాను.
ఇంకా తడిగానే ఉంది.