అరగంట బల్ల

ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి
గీతకో చుక్క వేసి
చుక్కలో సూదిమొన ఆనించింది ఎస్తేరు నర్సు.
బొద్దింక, పరుపుదుమ్ము, వయ్యారిభామ, వరిపుప్పొడి
అన్నీ అలాగే ఆరిపోయాయి.
ఏడో గీత దగ్గర మాత్రం
చింతగింజంత దద్దురు లేచింది.
"ఏం పని చేస్తావు?" అంది డాక్టరమ్మ.
"దింపు, అమ్మా. కొబ్బరిచెట్లు ఎక్కుతాను."
ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది.
ఏడోది కొబ్బరి పుప్పొడి.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.
పదహారో ఏట నుంచీ దాని మొవ్వులో తల పెట్టి బతికినవాణ్ణి.
పొత్తు విచ్చిన రోజుల్లో
యాభై అడుగుల మీద, కాళ్లకి బంధం బిగించి
వరసగా తొమ్మిది తుమ్ములు.
కింద ఆసామి కాయలు మాని తుమ్ములు లెక్కపెట్టేవాడు.
రాత్రిళ్లు ఛాతీలో ఎవరో
తడి పీచు దంచుతున్నట్టుండేది.

"మరి మందేంటమ్మా?"
"అదే."
చిన్న సీసాలో అదే పుప్పొడి,
ఉందో లేదో తెలియనంత పల్చగా.
మూడేళ్లు. మొదట్లో వారం వారం.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
ఎండిన కాలవకి తొలి నీళ్లు వదిలేప్పుడు
తలుపు మర ఒక్క చుట్టు తిప్పి
గట్టు మీద చతికిలబడి చుట్ట కాల్చేవాడు.
గట్టు ఏమంటుందో విని, అప్పుడు రెండో చుట్టు.
ఎస్తేరూ అంతే.
గొట్టంలో ఊదించి, సూది పొడిచి
అరగంట బల్ల మీద కూర్చోబెడుతుంది.
లేస్తే కేకేస్తుంది.
ఆ బల్ల మీద నాతో పాటు
రైసుమిల్లు గుమస్తా పేర్రాజుగారు,
పరుపుదుమ్ము పడని ఓ పంతులమ్మ.
ఎవరి జబ్బ వాళ్లం చూసుకుంటూ
ఒకరి దురద ఒకరం అడుగుతూ.

జూలైలో గోదారి ఎర్రబడింది.
పంటు కట్టేశారు.
మా లంక నుంచి నాలుగు వారాలు ఎవరం కదల్లేదు.
నీళ్లు తీశాక వెళ్తే
చీటీ చూసి ఎస్తేరు పెదవి విరిచింది.
"వెనక్కెళ్లాలి. మూడు మెట్లు."
దిగడం నాకు కొత్త కాదు గానీ
ఆ రోజు ఏడుపొచ్చింది.
పల్లాలమ్మ ఏమీ అనలేదు.
అమ్మేసిన రెండు మేకల తాళ్లు
ఇంకా పాక గుంజకే ఉన్నాయి.

ఇప్పుడు మూడో ఏడు. నెలకో సూది.
పోయిందని చెప్పను.
నీలం పంపు ఇంకా మొలలో దోపుకునే ఎక్కుతాను.
నిన్న మాత్రం, విచ్చిన పొత్తు పక్కనే
ఒక తుమ్ము. రెండు.
మూడోదాని కోసం నోరు తెరుచుకుని ఆగాను.
రాలేదు.
దూరంగా పాయ, పాయ మీద పంటు.
ఒక్కటే పంటు.
ఇన్నేళ్లూ కన్నీళ్లలోంచి
ఎప్పుడూ రెండు కనిపించేవి.

దిగి, చెట్టు మొదట్లో కూర్చున్నాను.
"కాయలు పోగెయ్యవా?" అన్నాడు ఆసామి.
"అరగంట ఆగండి" అన్నాను
జబ్బ చూసుకుంటూ.